యాదయ్య కాక, నా ఎర్ర కారు

మొన్న ఆదివారం పొద్దున పాల ప్యాకెట్టు కోసం కిందికి దిగితే మా అపార్టుమెంటు సెల్లారులో ఒక వాసన తగిలింది. వేడి మీదున్న ఇంజన్ ఆయిల్ వాసన. పటాన్‌చెరు పక్కన మా వెలిమెలలో ఈ అపార్టుమెంట్లు లేచాక ఇంటికే వచ్చి కార్లు బాగుచేసి పోయేవాళ్లు ఎక్కువయ్యారు. అలాంటి మెకానిక్కు ఒకడు ఎవరిదో కారు కింద పళ్లెం పెట్టి పాత ఆయిల్ దించుతున్నాడు. నల్లటి ధార సన్నగా కారుతోంది. నేను అక్కడే నిలబడిపోయాను. "మేడం, జెర దూరం జరుగుండ్రి, బట్టలకు అంటుతది" అన్నాడతను. నేను జరగలేదు. వంగి, ఆ ధారను చూపుడువేలికి అంటించుకుని బొటనవేలితో రాసి చూశాను. అతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. చూడనీ. ఆయిల్‌ని అలా రాసి చూడాలని నాకు నేర్పిన మనిషి అతనికి తెలియదు. మీకూ తెలియదు కాబట్టి చెబుతాను.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. పటాన్‌చెరులో గేర్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో, క్వాలిటీ విభాగంలో పని. మాది కొండాపూర్ మండలంలో ఒక పల్లె. నాన్న పోయాక ఇంట్లో మాట మా అన్న నర్సింలుది. ఉద్యోగంలో కుదురుకున్న ఆడపిల్ల ప్లాటు కొనాలి, కాదంటే బంగారం కొనాలి. నేను ఒక పాత స్పోర్ట్స్ కారు కొన్నాను. రెండు తలుపులు, రెండే సీట్లు, ఎర్ర రంగు, నేలకు జానెడు ఎత్తు. ఎవరో ముచ్చటపడి విదేశం నుంచి తెప్పించుకున్నారట. నాలుగు చేతులు మారి, ఒక షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయి ఉన్నప్పుడు నా కంటబడింది. ఎందుకు కొన్నావని ఇప్పటికీ అడుగుతుంటారు. నచ్చింది, కొన్నాను. దాని వెనక చిన్నప్పటి కలలూ కథలూ ఏమీ లేవు. మగపిల్లవాడు చెవులు చిల్లులు పడేలా మోగే మోటారుసైకిలు కొంటే ఎందుకని ఎవరూ అడగరు, నన్ను మాత్రం ఎందుకు అడగాలి?

అన్న మాత్రం ఎందుకని అడగలేదు. ఫోనులో ఒకటే మాటన్నాడు. "కొన్నవ్, మంచిగున్నది. రేపు రోడ్డు మీద దానికి ఏమన్న అయిందనుకో, నేనే వచ్చి అమ్మేసి పోత. అప్పుడు నాకు అడ్డం మాట్లాడొద్దు." కారు చేతికొచ్చిన సంతోషంలో ఉన్నాను, సరేనన్నాను. అంత తేలిగ్గా సరేననడం నా తెలివితక్కువ.

నేను అద్దెకున్నది పటాన్‌చెరులో యాదయ్య కాక ఇంటి పైభాగంలో. అప్పటికి ఆయన రిటైరై మూడేళ్లు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. గోళ్ల అంచుల్లో నలుపు ఎన్ని సబ్బులు పెట్టి తోమినా పోయేది కాదు. ఆయన తండ్రి జొన్న పండించిన చేనే ఫ్యాక్టరీ అయింది. చేను పోయినందుకు ఆ ఫ్యాక్టరీలోనే హెల్పరు పని ఇచ్చారు. హెల్పరుగా చేరి, చూసి చూసి నేర్చుకుని, మెషీన్లు బాగుచేసే మెయింటెనెన్సు ఫిట్టరయ్యాడు. "మా నాగలి నడిచిన జాగల మెషీన్ నిలవెట్టిండ్రు. గా మెషీన్ ఖరాబైతె చేను రెండోసారి పోయినట్టె ఉండేది నాకు" అనేవాడు. ఈ మాట అన్నప్పుడు ఆయన గొంతులో బాధ ఉండేది కాదు, పంతం ఉండేది. ఆ పంతం నాకు మొదటి నుంచీ నచ్చింది.

కారు వచ్చిన రోజు గల్లీ మొగలో స్పీడ్ బ్రేకరు దాటలేక కడుపు గీసుకుని ఆగిపోయింది. గల్లీ అంతా నవ్వింది. కాక భార్యను నేను చిన్నమ్మ అని పిలిచేదాన్ని. ఆమె గేటు దగ్గర నిలబడి, "గిదేంది బిడ్డా, ఇంటి ముంగట పండుకున్నట్టే ఉన్నది" అంది. తర్వాత తర్వాత కాక పొద్దస్తమానం దాని దగ్గరే ఉండటం మొదలయ్యాక, ఆ ఎర్ర బండి తన ఇంటికి సవతిలా వచ్చిందని అందరితో చెప్పుకునేది. అలా చెప్పుకుంటూనే మా ఇద్దరికీ చాయ తెచ్చి బానెట్ మీద పెట్టేది. బానెట్ మీద పెట్టొద్దని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నా వినలేదు.

మొదట నేను కారును నగరంలో ఒక సర్వీసు సెంటరుకు తీసుకెళ్లాను. ఎక్కడన్నది చెప్పను. అక్కడివాళ్లు నాతో చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా, గట్టిగా మాట్లాడారు. ఇలాంటి బండికి బయట ఎవరూ చెయ్యి పెట్టకూడదని, ఏ చిన్న పనికైనా తమ దగ్గరికే రావాలని చెప్పారు. ఆయిల్ మార్చామని కారు ఇచ్చి పంపారు. మర్నాడు పొద్దున కాక వాకిట్లో షాబాదు బండల మీద అరచేయంత నల్ల మరక. నాకు ఏడుపొచ్చినంత కోపమొచ్చింది. కాక గొంతుక్కూచుని, తల నేలకు ఆనించి కింద చూశాడు.

"ఎవరు బిగించిండ్రు ఈ అడుగు నట్టును?"

"సర్వీస్ సెంటర్ల, కాకా."

"నేను అడుగుతున్నది ఎవరు అని. సెంటర్ బిగియ్యది బిడ్డా, మనిషి బిగిస్తడు."

ఎవరో నాకు తెలియదని, తనిఖీ చేసినట్టు కాగితం మాత్రం ఇచ్చారని చెప్పాను. ఆయన ఆ కాగితం చూడలేదు. లేచి మోకాళ్లు దులుపుకుని, ఇక మీద మనమే చేద్దామన్నాడు. నాకు ఏమీ రాదన్నాను. "నాకు గూడ ఈ బండి రాదు. నట్టు వస్తది. నట్టు కాడికెల్లి మొదలువెడదాం" అన్నాడు. మా ఇద్దరి చదువు అలా మొదలైంది.

బండి మరీ నేలకు దగ్గరగా ఉండటం వల్ల దాని కిందికి జాకీ దూరేది కాదు. కాక ఫ్యాక్టరీ పెట్టెల చెక్కలు నాలుగు తెచ్చి, ఒక పక్క వాలుగా చెక్కి, మెట్లలా మేకులు కొట్టాడు. ముందు చక్రాలు వాటి మీదికెక్కించి, అప్పుడు జాకీ పెట్టాలి. ఆయిల్ మార్చే ముందు ఇంజన్ కాసేపు తిప్పి వేడి చేయించాడు. ఎందుకని అడిగితే, "అన్నం వార్చలేదా నువ్వు? సల్లగైనంక వంచితె గంజి దిగుతదా?" అన్నాడు. కింద పడుకుని అడుగు నట్టు విప్పింది నేనే. ఆయిల్ ఒక్కసారిగా వచ్చి మోచేయి దాకా కారింది, జుట్టుకూ అంటింది. ఆయన పక్కన కూర్చుని నవ్వాడే తప్ప చెయ్యి సాయం పెట్టలేదు. కారుతున్న ఆయిల్‌ను వేళ్ల మధ్య రాసి చూడమన్నాడు. ఇసుకలా తగిలితే లోపల ఏదో అరుగుతున్నట్టు, మెత్తగా ఉంటే ఇంజన్ బాగున్నట్టు. నా వేళ్లకు మెత్తగా తగిలింది. ఆ కారు గురించి ఎవరో చెబితే కాకుండా నా అంతట నేను తెలుసుకున్న మొదటి సంగతి అది.

పాత ఫిల్టరు విప్పాక దాని రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుపోయి ఉంటుందని, చూసుకోకుండా కొత్తది బిగిస్తే రెండు రింగులు కలిసి ఆయిల్ కక్కుతుందని చెప్పాడు. వేలు పెట్టి వెతికించాడు. కొత్త రింగుకు చుక్క ఆయిల్ పూయించి, ఫిల్టరును చేత్తోనే బిగించమన్నాడు. అడుగు నట్టుకు కొత్త రాగి వాషరు వేయించాడు. నేను పానా పట్టుకుని ఒళ్లంతా బిగబట్టి తిప్పుతుంటే ఆపాడు. "ఆ సెంటరోళ్ల మీది కోపం దీని మీద తియ్యకు. లోపలి మర పోగు తెగితె ఇంజన్ అడుగే మార్చాల్సి వస్తది." పాత ఆయిల్ మోరీలో పోయనివ్వలేదు. డబ్బాలోకి ఎత్తి, పాత ఆయిల్ కొనుక్కునే వాళ్ల పీపాలో పోయించాడు. "ఈ పక్క చెరువులల్ల ఫ్యాక్టరీలోళ్లం పోసింది చాలు" అన్నాడు.

ఎదురింటి పెద్దమనిషి ఒకాయన రోజూ నడకకు పోతూ మమ్మల్ని చూసి ఆగేవాడు. ఒకరోజు నేను కారు కింద ఉన్నాను, నా కాళ్లు మాత్రమే బయటికి కనబడుతున్నాయి. "ఆడపిల్లతోని గీ పనులేంది యాదయ్యా, మంచిగనిపిస్తలేదు" అన్నాడు. కాక తలెత్తకుండా, "బండి ఆమెది. నీదైతె నువ్వే పండుకుందువు కింద" అన్నాడు. ఆ తర్వాత ఆయన నడక దారి మారింది. నేను కారు కింద నవ్వలేక చచ్చాను.

టైర్ల సంగతీ అంతే. ముందువి రెండూ లోపలి అంచున అరిగి నున్నగా అయ్యాయి. హైవే మీద ఒక టైర్ల దుకాణానికి వెళ్లాం. దుకాణదారు నావైపు చూడకుండా కాకకే చెబుతున్నాడు, ఫలానా టైర్లు వేయించండి, కొత్త సరుకు అని. "బండి ఆమెది. ఆమెకు చెప్పు" అని కాక అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాడు. టైరు పక్క గోడ మీద నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ అది తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆ సంగతి కాక ముందురోజే చెప్పాడు. నేను వంగి చదివాను. ఆ కొత్త సరుకు వయసు ఆరేళ్లు. "అన్నా, ఈ టైర్లు మీ దుకాణం కంటె పాతయి ఉన్నట్టున్నయి" అన్నాను. దుకాణదారు నావైపు తిరిగి, మొదటిసారి మేడం అన్నాడు. లోపలి నుంచి వేరే టైర్లు తీయించాడు. బయటికొచ్చాక కాక నాకు సోడా తాగించాడు.

టైర్లు చక్రాలకు తొడిగించి, చక్రాలు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాం. దుకాణంలో గాలి గన్ను పెట్టి నట్లు టర్రుమని కొడతారు, ఎంత బిగిసిందో దేవుడికే ఎరుకని కాక ఒప్పుకునేవాడు కాదు. ఆయన దగ్గర టార్క్ రెంచి ఉండేది. మనం పెట్టుకున్నంత బిగువు రాగానే చేతిలో టిక్కుమనే పానా అది. బండి గాల్లో ఉండగా నట్లు చేత్తో ఎక్కించాలి. బండి కిందికి దించి, చక్రం నేల మీద ఆనాక, ఒకదానికి ఎదురు ఒకటిగా టిక్కుమనే దాకా బిగించాలి. బిగించినవాళ్లే నట్టు మీది నుంచి చక్రం మీదికి పసుపు పెయింటు పెన్నుతో ఒక గీత గీయాలి. ఇది ఫ్యాక్టరీల అలవాటు. గీత ఉంటే ఎవరో పూర్తిగా బిగించారన్నమాట. నట్టు కాస్త వదులైనా గీత విరిగి కనబడుతుంది. పటాన్‌చెరులో ఏ ఫ్యాక్టరీ మనిషైనా ఆ గీతను చూస్తాడు, నట్టు మీద మళ్లీ చెయ్యి వేయడు. నేను క్వాలిటీలో చేసే పని కూడా గీతలున్నాయా, నీటుగా ఉన్నాయా అని చూడటమే.

చక్రాలు తొడిగిన రోజు రెండో శనివారం, నాకు సెలవు. చక్రం గాల్లో ఉన్నప్పుడు ఇష్టం వచ్చినట్టు తిప్పుకోవచ్చు, గీతలు సూటిగా వస్తాయి. అందుకని నట్లు చేత్తో ఎక్కించి ముందే గీతలు గీసుకున్నాను. బండి దించాక ఎలాగూ బిగిస్తాను గదా అనుకున్నాను. కుడివైపు చక్రం దించి బిగించాను, పక్కకు జరిగిన గీతల్ని పెన్నుతో కలిపాను. ఎడమవైపుది దించాను. అంతలో ఫ్యాక్టరీ నుంచి ఫోను, కస్టమరు తరఫున తనిఖీకి మనుషులు వస్తున్నారు, కాగితాలు కావాలి, వ్యాను మీ గల్లీ మొగలో ఉందని. లేచి చేతులు తుడుచుకుంటూ చక్రాల వంక చూశాను. పది నట్లు, పది పసుపు గీతలు. నా గీతల్ని చూసి నేనే నమ్మాను. "అయిపోయింది కాకా, అలైన్‌మెంట్‌కు తీస్కపో" అని చెప్పి పరుగెత్తాను. కాక వచ్చి చూశాడు. పది గీతలూ ఉన్నాయి. తాళం తీసుకుని హైవే మీద కంది ఊరి వైపు బయలుదేరాడు.

సాయంత్రం నేను వచ్చేసరికి ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కారు. ఎడమ ముందు చక్రానికి మూడే నట్లు. కంది దాటుతుంటే స్టీరింగు ఊగడం మొదలైందని, లారీల మధ్య నుంచి మెల్లగా పక్కకు తీసి ఆపేసరికి రెండు నట్లు పోయాయని, మిగతావి ఊడిరావడానికి సిద్ధంగా ఉన్నాయని చెప్పాడు. ఆ మూడూ బిగించి, సైకిలు వేగంతో ఇంటికి తెచ్చాడు.

"గీత ఎప్పుడు గీసినవ్?" అనడిగాడు.

"చక్రం గాలిల ఉన్నప్పుడు."

"ఎందుకు?"

"నీట్ గ వస్తదని."

ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. "ఇందుల నా తప్పు గూడ ఉన్నది. నేను గీత చూసి బండెక్కిన, నట్టు చూడలే" అన్నాడు. ఇంట్లోకి వెళుతూ, "చిన్నమ్మకు గుంతల పడ్డదని చెప్పిన. నువ్వేం చెప్పకు, పరేషానైతది" అన్నాడు. ఆ రాత్రికి నేను అన్నం తినలేదు.

ఆ రోడ్డు మీద అంత ఎర్ర కారు ఇంకోటి లేదు. మా ఊరి పాల వ్యానతను దాన్ని చూశాడు, చక్రం ముందు కూర్చున్న ముసలాయన్నీ చూశాడు. మర్నాడే అన్న ఫోను. "వచ్చే ఐతారం వస్తున్న. కాగితాలు తీసి వెట్టు." సరేనన్నాను. ఈసారి నిజంగానే సరేనన్నాను. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. కాక చచ్చిపోయి ఉండేవాడు, నేను గీసిన అందమైన గీతల వల్ల. ఆ వారమంతా నేను పానా ముట్టుకోలేదు. మెట్లు దిగేటప్పుడు కారు వైపు చూసేదాన్ని కూడా కాదు.

అమ్మేస్తున్నానని కాకకు చెప్పాను. వద్దంటాడనుకున్నాను, అనలేదు. "నీ బండి, నీ ఇష్టం. గని మూడు నట్ల మీద ఉన్న బండి అమ్మొద్దు. మంచిగ జేసి ఇయ్యి" అన్నాడు. రెండు నట్లు నగరం నుంచి తెప్పించాను. ఆదివారం పొద్దున చక్రం విప్పి చూసుకుని, మళ్లీ తొడిగి, బండి దించి, టార్క్ రెంచి పట్టుకున్నాను. కాక అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. రెండో నట్టు టిక్కుమన్నప్పుడు గేటు ముందు అన్న మోటారుసైకిలు ఆగింది.

అన్న నన్ను పలకరించలేదు, నేరుగా కాక దగ్గరికెళ్లాడు. "గుంతల పడి నట్లు ఊడినయంట గద కాకా. ఆ రోడ్డే గట్లున్నది, ఆమెనేమంటం. అయినా మనకొద్దు ఈ బండి" అన్నాడు. గుంత సంగతి చిన్నమ్మ దాకానే కాదు, ఊరి దాకా వెళ్లిందన్నమాట. కాక పేపరు దించి నా వైపు చూశాడు. గుంత అలాగే ఉండనిస్తే చాలు, నాకు మాట రాకుండా బండి పోతుంది. అన్న కూడా జాలిపడుతున్నాడు. ఆ జాలి చూసేసరికి నాకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ ఈ కారు కింద పడుకుని నేర్చుకున్నదంతా ఒక గుంతలో వేసి పూడ్చి పోవాలా నేను?

"గుంత లేదు, ఏం లేదు" అన్నాను. "నట్లు బిగియ్యక ముందే నేను గీత గీసిన. అయిపోయిందని కాకకు చెప్పిన. తప్పు నాదే."

వాకిట్లో చిన్నమ్మ ఊడుస్తున్న చీపురు ఆగింది. అన్న నన్ను కిందికీ పైకీ చూశాడు. "మంచిది, నువ్వే చెప్పినవ్. ఇగ కాగితాలు తే."

"అమ్మను."

"ఒప్పుకున్నవ్ గద."

"అప్పుడు ఒప్పుకున్న. ఇప్పుడు ఒప్పుకుంటలేను. తప్పు నేను చేసిన, సరిజేసేది గూడ నేనే."

నేను మళ్లీ కూర్చుని మిగిలిన మూడు నట్లూ బిగించాను. ఒక్కొక్కటీ టిక్కుమన్నాక ఒక్కొక్క గీత. గీతలు వంకరగా వచ్చాయి. వస్తే వచ్చాయి. లేచి నిలబడ్డాను. అన్న ఏం చేయాలో తోచక కాకనే అడిగాడు. "నువ్వన్న ఒక్కసారి బిగిచ్చి చూడు కాకా."

కాక అరుగు దిగి వచ్చాడు. చక్రం ముందు వంగాడు. టార్క్ రెంచి అందుకుంటాడని నేను దాన్ని ముందుకు చాపాను. ఆయన రెండు చేతులూ వెనక్కు కట్టుకున్నాడు. "చూసిన. గీత ఉన్నది" అన్నాడు. తర్వాత ఎడమవైపు తలుపు తీసి, వంగలేని మోకాళ్లను చేతులతో మడుచుకుంటూ ఆ లోతు సీట్లో కూర్చున్నాడు. వారం కిందట ఊడబోయిన చక్రం సరిగ్గా ఆయన కాళ్ల ముందుంది. "తోలు బిడ్డా, కంది దాకా పోయొద్దాం" అన్నాడు.

ఉన్నవి రెండే సీట్లు కాబట్టి అన్న మోటారుసైకిలు మీద వెంట వచ్చాడు. దారంతా అద్దంలో కనబడుతూనే ఉన్నాడు, ఎడమ పక్కకు ఒరిగి ముందు చక్రాన్ని చూసుకుంటూ నడుపుతున్నాడు. నాకు చెమటలు పోస్తున్నాయి. ప్రతి చిన్న కుదుపుకూ చెవులు రిక్కిస్తున్నాను. కాక మాత్రం కిటికీ లోంచి బయటికి చూస్తూ, ఎక్కడ ఏ చేనుండేదో, ఎవరి బావి ఏ గోడౌను కింద పూడిపోయిందో చెబుతున్నాడు. కొంతదూరం పోయాక విసుగ్గా నా వైపు తిరిగాడు. "ఎర్ర బండి కొనుక్కొని ఎడ్లబండి లెక్క తోలుతున్నవేంది? జెర ఉరికియ్యి." నేను ఉరికించాను. అన్న అద్దంలో చిన్నగా అయిపోయాడు.

కంది దగ్గర ఆపాం. అన్న వచ్చి చక్రం ముందు కూర్చుని ఐదు నట్లనూ ఒకటొకటిగా చేత్తో పట్టి చూశాడు. కాక కారు దిగలేదు. "గట్టిగనే ఉన్నయి" అన్నాడు అన్న, ఎవరికన్నది లేకుండా. చాయ తాగి పొమ్మన్నా వినకుండా అటు నుంచి అటే ఊరికి వెళ్లిపోయాడు. మళ్లీ అమ్మే మాట ఎత్తలేదు. ఈ రోజు వరకూ ఆ కారు ఎక్కనూ లేదు. అది ఆయన పంతం, ఉండనీ.

కాక పోయి రెండేళ్లయింది. నా పని బాగుందని ఒక్కసారి కూడా అనలేదాయన. ఆ రోజు గురించీ మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. నేను మాత్రం ఎన్నిసార్లు తలచుకున్నానో లెక్కలేదు. మొదటిసారి ఆయన నన్ను నమ్మడంలో గొప్పేమీ లేదు, అది అలవాటు. చావు అంచు దాకా వెళ్లి వచ్చాక, అదే మనిషి బిగించిన అదే చక్రం పక్కన మళ్లీ కూర్చోవడం వేరు. ఆయన ఆ నట్లు ఒకసారి పట్టి చూసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు, నేను కూడా. కానీ ఆ తర్వాత నేను పానా పట్టేదాన్ని కాదు. కారు ఇప్పుడూ నా దగ్గరే ఉంది, దాని పనులన్నీ నేనే చేసుకుంటాను. పోట్లాడి క్వాలిటీ నుంచి మెయింటెనెన్సుకు మారాను. ఇప్పుడు ఒక షిఫ్టుకు నేనే ఇన్‌ఛార్జిని.

పోయిన నెల మా ఫిట్టరు రాములు ఒక మెషీన్‌లో మోటారునూ షాఫ్టునూ కలిపే కప్లింగు బోల్టులు సరిగ్గా బిగించకుండా వదిలేశాడు. షాఫ్టు విరిగి లైను ఒక పూట ఆగింది. నలభై దాటిన మనిషి, తల దించుకుని నిలబడ్డాడు. అతన్ని స్టోరు పనికి మార్చి వేరేవాళ్లతో చేయించమన్నాడు మేనేజరు. అతనే చేస్తాడన్నాను. అయితే ఇంకొకరితో మళ్లీ బిగించి చూపించు, పద్ధతి అదే గదా అన్నాడు. పద్ధతి అదేనని నాకు తెలుసు. రాములు పని ముగించి, చెమట తుడుచుకుని, పానా నాకు చాపాడు. "మేడం, మీరు ఒక్కసారి చూడుండ్రి" అన్నాడు. నేను ఆ పానా అందుకోలేదు. కప్లింగు మీది ఇనుప గార్డు మూయించి, మెషీన్ ఆన్ చేయమని చెప్పి, దాని పక్కకు వెళ్లి నిలబడ్డాను.